కంపెనీకి తెల్ల కార్డు

కరెంటు కంపెనీకి లాభం వచ్చిందని పేపర్లో పడిన రోజున మద్దిగుట్టపల్లెలో ఎవరూ పట్టించుకోలేదు. ముక్కూ మొహం తెలియనివాళ్ల ఇంట్లో పెళ్లి జరిగిందని విన్నట్టు విని ఊరుకున్నారు. ఆ లాభం మీద ప్రభుత్వం పన్ను వేసిందనీ, ఆ పన్నుతో బీదల ఇళ్ల కరెంటు బిల్లులకు సాయం చేస్తుందనీ, ఆ సాయానికి దీపహస్తం అని పేరు పెట్టిందనీ తెలిశాక మాత్రం పాలకేంద్రం దగ్గర క్యాన్లు దించేవాళ్లు కూడా కాసేపు నిలబడి విన్నారు.

తిప్పేస్వామి ఆ సంగతి ఇంటికి మోసుకొచ్చాడు. "మన దగ్గర గుంజుకున్న దాంట్లో నుంచి మనకే కొంచిం ఇస్తారంటమ్మే."

"ఇయ్యనీ," అంది సిద్దమ్మ, మల్బరీ ఆకు తరుగుతూ.

ఆమె మాట్లాడేది అంతే. ఆ ఇంట్లో మాటలన్నీ మొగుడివి, పనులన్నీ పెళ్లానివి అని ఊళ్లో అనుకుంటారు గానీ అది పూర్తి నిజం కాదు. తిప్పేస్వామి ఆకు మోస్తాడు, తట్టలు కడుగుతాడు, బీడీలు తాగుతాడు. బీడీల దగ్గర మాత్రం సిద్దమ్మకూ మాటలు వస్తాయి.

వాళ్లది పట్టుపురుగుల బతుకు. ఇంటి వెనక రేకుల షెడ్డు, దాని వెనక మల్బరీ తోట. పట్టుపురుగు మహా సుకుమారం. ఎండ పడదు, ఉక్క పడదు, పొగ పడదు, సెంటు వాసన అసలే పడదు. అందుకని పురుగు పెట్టిన ఇంట్లో తిరగమోత ఘాటుగా వెయ్యరు, అగరుబత్తి ముట్టించరు, బయటివాళ్లను షెడ్డు గడప తొక్కనివ్వరు. ఇంటివాళ్లయినా సున్నపు నీళ్లలో కాళ్లు ముంచి లోపలికి పోవాలి. పురుగు మేత మాని చర్మం విడిచే దశను ఆ పక్కల జ్వరమంటారు. నాలుగో జ్వరం లేచిన పురుగు గూడు కట్టేదాకా రాత్రీ పగలూ మేస్తూనే ఉంటుంది. చీకట్లో నిలబడి వింటే రేకుల మీద సన్నవాన పడుతున్నట్టే ఉంటుంది. ఆ దశలో ఒక్క మధ్యాహ్నం షెడ్డు వేడెక్కిందంటే మేసే పురుగు మేస్తున్నట్టే మెత్తబడి నల్లగా కారిపోతుంది.

అందుకే ఆ ఊళ్లో ఎండాకాలం ఎవరూ పురుగు పెట్టేవాళ్లు కాదు. న్యాయం చెప్పాలంటే, దీపహస్తం మొదటి ఏడు సాయం నిజంగానే వచ్చింది. కూలర్ తిప్పినా బిల్లు చూసి గుండె జారలేదు. ఆ ధైర్యంతోనే రెండో ఏడు సిద్దమ్మ నడి ఎండాకాలంలో షెడ్డు నిండా పురుగు పెట్టింది. బోరు ఎండుతూ వస్తోంది. ఈ పంట చేతికొస్తే బోరు లోతు చేయించుకోవచ్చు. పోతే తోట పీకేసి, తలుపుకు తాళం వేసి, బెంగుళూరులో ఇటుకలు మొయ్యడానికి పోవడమే. ఈ సంగతి మొగుడూ పెళ్లాలు మాట్లాడుకోలేదు. ఇద్దరికీ తెలుసు.

సరిగ్గా అప్పుడే గిరిజాపతి గారు ఊళ్లోకి వచ్చారు.

ఆయన మండల లాభ చైతన్యాధికారి. అలాంటి ఉద్యోగం ఒకటుంటుందని ఆయనకూ ఆ మధ్యనే తెలిసింది. తెల్ల చొక్కా, మెడలో కార్డు, ఆయన కంటే ముందు వాకిట్లోకి వచ్చే సెంటు వాసన. సిద్దమ్మ గాలి ఎటు తోలుతోందో చూసి, షెడ్డుకు దూరంగా అవతలి పక్కన కుర్చీ వేసింది.

"తల్లీ, మీ గృహ వినియోగ సరళిని మా కరెంటు సంస్థ పరిశీలించింది. చాలా విచారకరంగా ఉంది," అన్నారాయన. "ఇంట్లో ఒకటే బల్బు. అదీ అన్నాలు తినగానే ఆర్పేస్తున్నారు. షెడ్డులో కూలర్ మినహా మీ నుంచి చెప్పుకోదగ్గ సహకారం లేదు."

"వెలుతురుంటే నిద్ర పట్టదు సారూ."

"నిద్ర మీ వ్యక్తిగతం. పథకం ప్రజలది. దీపహస్తం సాయం ఎక్కడి నుంచి వస్తోంది? పన్ను నుంచి. పన్ను ఎక్కడి నుంచి? లాభం నుంచి. లాభం ఎక్కడి నుంచి? మీరు కాల్చే కరెంటు నుంచి. మీరు బల్బు ఆర్పిన ప్రతిసారీ ఒక పేదరాలికి అందవలసిన సాయం ఆగిపోతోంది. ఆ పేదరాలి గురించి ఎప్పుడైనా ఆలోచించారా?"

"యా పేదరాలు సారూ?"

గిరిజాపతి గారు చేతిలోని కాగితం తిరగేశారు. "ఈ వీధిలో అయితే... సిద్దమ్మ, భర్త తిప్పేస్వామి."

"అది నేనే గదా."

"చూశారా. మీ కడుపు మీరే కొట్టుకుంటున్నారు."

తిప్పేస్వామికి ఈ లెక్క బాగా నచ్చింది. వేళ్లు మడిచి మళ్లీ ఒకసారి చెప్పుకున్నాడు. "సారు చెప్పేది కరెక్టేమ్మే. మనం యెక్కువ కాలిస్తే వాళ్లకు లాభం. వాళ్లకు లాభమొస్తే మనకు సాయం. సాయమొస్తే మల్లా కాల్చచ్చు."

"మద్దెలో అన్నం యెప్పుడు తినేది?" అంది సిద్దమ్మ.

గిరిజాపతి గారు దయగా నవ్వారు. "అది వేరే శాఖ తల్లీ."

వారం తిరగకముందే మద్దిగుట్టపల్లెను లాభ గ్రామంగా ప్రకటించారు. లాభమే పేదల అన్నం అని పంచాయతీ ఆఫీసు మీద పెద్ద బ్యానర్ కట్టారు. వీధి దీపాలు పగలు కూడా ఆర్పకూడదని తీర్మానం చేశారు. రాత్రిళ్లు అవి అంతకు ముందు నుంచీ వెలగవు గనక ఆ మాట తీర్మానంలో రాలేదు. నీళ్లు లేని పాత బోరుకు మోటారు బిగించి ఆడించారు. అది గాలి తోడింది. ఇళ్లల్లో ఉత్త మిక్సీలు తిరిగాయి. మంగలి రంగప్ప ఇస్త్రీపెట్టె కొని, ఇంట్లో ఉన్న బట్టలన్నీ అయిపోయాక గోనెసంచులు ఇస్త్రీ చేసి మడతలు పెట్టాడు.

ఊళ్లోకెల్లా తక్కువ బిల్లు హంపమ్మ అనే ముసలామెది. దిద్దుబాటు చర్య కింద ఆమెకు గది వెచ్చబెట్టే హీటర్ ఒకటి ఇచ్చారు. ఆమె దాని ముందు అప్పడాలు ఆరబెట్టుకుంటుంటే గిరిజాపతి గారు పట్టుకున్నారు.

"అవ్వా, అప్పడాలకు వాడితే అది వాణిజ్యం కిందికి వస్తుంది. నువ్వు ఊరికే కూర్చుని చలి కాచుకోవాలి."

"ఈ యెండలోనా నాయనా?"

"చలి అనేది మనసుకు సంబంధించినది అవ్వా."

హంపమ్మ మంచిది. మనసును ఎంత బతిమాలినా చలి పుట్టకపోతే, కప్పుకోవడానికి దుప్పటి తెచ్చుకుని హీటర్ ముందు కూర్చుంది. దారినపోయే వాళ్లు పలకరిస్తే, "పేదోళ్ల కోసరం రా," అనేది.

బిల్లులు వచ్చినప్పుడు ఎవరికీ భయం పుట్టలేదు. ఎక్కువ వచ్చినవాడు పాలకేంద్రం దగ్గర ముందు నిలబడేవాడు. సాయం ఎట్లాగూ వస్తుందన్న ధీమాతో ఎవరూ వాటిని కట్టలేదు. కంపెనీ కూడా అడగలేదు. అడగని అప్పుకు అందం ఎక్కువ కనుక ఊరంతా కళకళలాడింది.

ఒక్క సిద్దమ్మ షెడ్డులోనే కూలర్ కుంటడం మొదలుపెట్టింది. ముందు గాలి తగ్గింది. తర్వాత రెక్కలు లెక్కపెట్టేంత నిదానంగా తిరిగాయి. ఆమె ఆకు వేస్తూ మేత చప్పుడు వినేది. వాన పలచబడుతున్నట్టు అనిపించింది. కొంగు నడుముకు దోపుకుని పంచాయతీ ఆఫీసుకు నడిచింది.

"సారూ, కూలర్ తిరగడంల్యా. ఊరంతా ఊరికే కాలుస్తాంటే నాకు కరెంటు అందడంల్యా. పురుగు నాలుగో జ్వరం లేచినాది."

గిరిజాపతి గారి మొహం వెలిగిపోయింది. "లో వోల్టేజీ వచ్చేసిందా? అమ్మా, అది లాభానికి తొలి లక్షణం. పక్క మండలంలో ఇంకా రాలేదు."

"పెద్ద ట్రాన్స్‌ఫారం యెయ్యండి."

"వేస్తే ఖర్చు. ఖర్చయితే లాభం తగ్గుతుంది. లాభం తగ్గితే మీ సాయం తగ్గుతుంది. మీ సాయానికి మీరే అడ్డం పడతారా?"

సిద్దమ్మ ఆకు కొయ్యాల్సిన వేళయిందని గుర్తొచ్చి వెనక్కు తిరిగింది.

ఇంతా చేస్తే కంపెనీకి నష్టం వచ్చింది.

గిరిజాపతి గారే ఊరిని సమావేశపరిచి ఆ మాట చెప్పారు. తిప్పేస్వామి లేచి నిలబడ్డాడు. "ఇంత కాలిస్తిమి గదా సారూ, నష్టమెట్లొచ్చ?"

"లాభాన్ని ఎలా పెంచాలో చెప్పడానికి సలహా సంఘం వేశాం. సంఘం కూర్చోవడానికి లాభ భవన్ కట్టాం. వచ్చిన లాభమంతా రాబోయే లాభం మీద ఖర్చయింది. అది కాక సంస్థ తన స్తంభాలూ తీగలూ అన్నీ చెల్లెలి సంస్థకు అమ్మేసి, వాటినే మళ్లీ అద్దెకు తీసుకుంది."

"సొంత స్తంభాలకు అద్దె యాలప్పా?"

"పన్ను పడేది లాభం మీదనయ్యా. అద్దె మీద కాదు." ఈ మాట అన్నాక ఆయనకే కొంచెం తేడాగా తోచి మంచినీళ్లు తాగారు.

"మరి మా సాయం?"

"అక్కడికే వస్తున్నా. నిధిలో నిరుడు మిగిలినది కొంత ఉంది. దాన్ని అత్యంత నిరుపేద వినియోగదారుడికి ఇవ్వాలని నిబంధన. పారదర్శకంగా సర్వే చేశాం. సొంత ఇల్లు ఉండకూడదు, సొంత ఆస్తి ఉండకూడదు, రాబడి కంటే ఖర్చు ఎక్కువ ఉండాలి, కరెంటు బిల్లు బకాయి ఉండాలి. ఇవన్నీ ఉన్నవాడు జిల్లా మొత్తానికి ఒక్కడే దొరికాడు."

"ఎవురు సారూ పాపం?" అంది హంపమ్మ.

"మన కంపెనీ అవ్వా. దాని ఆఫీసుల్లో కాలిన కరెంటుకు అది తనకు తానే బిల్లు కట్టుకోలేకపోయింది. భవనం కూడా చెల్లెలి పేరు మీదే ఉంది. నిలువ నీడ లేదు."

సభలో ఒకరిద్దరు అయ్యో అన్నారు. మంచి ఊరు అది.

కంపెనీకి తెల్ల రేషన్ కార్డు కూడా మంజూరైంది. కుటుంబ పెద్ద, మేనేజింగ్ డైరెక్టర్. కుటుంబ సభ్యులు, సిబ్బంది యావన్మందీ, పింఛనుదారులతో సహా. ఇంతమంది బియ్యం ఎవరికి తూకం వెయ్యాలని డీలరు అడిగితే, కుటుంబ పెద్ద సంచి తెచ్చుకుని వేలిముద్ర వెయ్యాలని జవాబొచ్చింది. ఆ నిరుపేదకు సాయం అందించే సభ జిల్లాకే మొదటి లాభ గ్రామంలో జరపాలని నిర్ణయించారు. ఇంటింటికీ కృతజ్ఞతా చార్జీ అని ఒకటి వేసి సభ ఖర్చుకు పెట్టారు.

సభ రోజుకు సిద్దమ్మ పురుగులు మేత కొసకు వచ్చాయి. రేపో మాపో పండి గూడు కడతాయి. ఈ ఒక్క ఎండ దాటితే చాలు. కూలర్ మూలుగుతోంది గానీ తిరుగుతోంది.

బడి ముందు నీలం షామియానా వేశారు. మిట్టమధ్యాహ్నం సీరియల్ బల్బులు వెలిగాయి. మనిషెత్తు కూలర్లు, మైకులు, ఎండీ గారి పేరుతో దీపాల తోరణం, అన్నీ ఊరి ట్రాన్స్‌ఫార్మర్ మీదే తగిలించారు. ఎండీ గారు వచ్చారు. మనిషి నిండుగా ఉన్నారు. నిరుపేదను ఎప్పుడూ దగ్గరగా చూడనివాళ్లు కాబోలు, జనం ఎగబడ్డారు.

గిరిజాపతి గారు చెమటలు కక్కుతూ సిద్దమ్మ వాకిట్లోకి వచ్చారు. ఆమె షెడ్డు తలుపుకు అడ్డంగా నిలబడింది.

"అమ్మా, ఎండీ గారికి ఎండ తగులుతోంది. మీ షెడ్డు చల్లగా ఉంటుందట. ఉపన్యాసం వేళ దాకా లోపల విశ్రమిస్తారు."

"పురుగులుండాయి సారూ. బయటోళ్లు రాకూడదు."

"ఆయన బయటివారు కాదమ్మా. తెల్ల కార్డుదారు. మీ వర్గమే."

"సెంటు పూసుకున్యాడా?"

గిరిజాపతి గారికి ప్రశ్న అర్థం కాలేదు. "పూసుకోకుండా సభకు ఎలా వస్తారు?"

"అట్లయితే రాకూడదు."

తిప్పేస్వామి సర్దబోయాడు. "తప్పు పట్టకాకండి సారూ. బీడీ వాసనని నన్నే గడ్డివామి పక్కన పండుకోబెడుతుంది. ఆయప్పకు కావాలంటే నా పక్కన చోటుండాది."

"ఇది ఉన్నత స్థాయి నిరుపేదను అవమానించడమే," అన్నారు గిరిజాపతి గారు. "తగు చర్యలు ఉంటాయి."

"ఉండనీ," అంది సిద్దమ్మ.

విశ్రాంతి దొరకని ఎండీ గారు ఉపన్యాసం ముందుకు జరిపారు. పేదరికం అంటే ఏమిటో ఈ కార్డు చేతికొచ్చాకే తెలిసిందన్నారు. కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. హంపమ్మ చేతుల మీదుగా సాయం అందుకున్నారు. ఆమె ఆయన చెంప నిమిరి, "దిగులుపడకు నాయనా, మేముండాము," అంది. చప్పట్లు మోగుతుండగా తోరణం స్విచ్చి నొక్కారు.

ట్రాన్స్‌ఫార్మర్ పేలిన చప్పుడు పొలాల దాకా వినిపించింది. కాకులు లేచాయి. మైకు మూగబోయింది, అయినా వ్యాఖ్యాత అలవాటు కొద్దీ ఇంకో రెండు పొగడ్తలు చెప్పి ఆగాడు.

షెడ్డులో కూలర్ రెక్కలు ఒక చుట్టు తిరిగి నిలిచిపోయాయి. రేకుల కింద వేడి మెల్లగా దిగడం సిద్దమ్మకు నెత్తిమీద తెలిసింది. పైవరస తట్టల దగ్గర చెవి పెట్టింది. వాన తగ్గుతోంది.

"మామా, గోతాములు తడుపు."

ఇంట్లో ఉన్న గోతాలు రెండు కిటికీలకు కూడా చాలలేదు. రంగప్ప ఇస్త్రీ చేసి పెట్టిన మడతలు తెచ్చి ఇచ్చాడు. అవి ఇంకో గోడకు వచ్చాయి. పడమటి పక్క ఎండ అలాగే ఉంది. సిద్దమ్మ బడి దగ్గరకు పోయి షామియానా తాడు విప్పడం మొదలుపెట్టింది.

"ఏయ్, ఏం చేస్తున్నావమ్మా," అన్నారు గిరిజాపతి గారు.

ఆమె రెండో తాడు విప్పింది. ముందుగా అర్థమైంది హంపమ్మకు. "పురుగులు సచ్చిపోతాండాయి, రాండే," అని కేకేసి, తను పోయి పంచాయతీ మీది బ్యానర్ పట్టి లాగింది. పురుగు పెట్టే ఊరు కనుక ఆడవాళ్లకు ఇంకోసారి చెప్పాల్సిన పని లేకపోయింది. ముందు వరుసలో ఉన్నవాళ్ల నెత్తిమీద నుంచి నీలం గుడ్డ జారిపోయింది. అధికారులు కుర్చీల్లో అలాగే ఎండలో కూర్చున్నారు. లేవమని ఆదేశం ఇవ్వాల్సినవాడు అప్పటికే కారెక్కాడు. కారు అద్దాలు బిగించుకుని నిరుపేద వెళ్లిపోయాడు.

తొట్లలో గుడ్డలు ముంచి షెడ్డు చుట్టూ కట్టారు. పడమటి గోడ మీద లాభమే పేదల అన్నం అన్న అక్షరాల నుంచి నీళ్లు కారుతూనే ఉన్నాయి. ఆరితే మళ్లీ నీళ్లు చల్లారు. బిందెలు చేతులు మారుతూ పొద్దు గూకేదాకా తిరిగాయి. రేకులకు దగ్గరగా ఉన్న పైవరస పురుగు దక్కలేదు. సిద్దమ్మ ఆ తట్టలు తీసుకుపోయి గుంటలో బోర్లించి, మన్ను కప్పి, కాసేపు అక్కడే గొంతుక్కూర్చుంది. తర్వాత లోపలికి వచ్చి ఆకు వేసింది. కింది వరుసల్లో వాన కురుస్తూనే ఉంది.

ట్రాన్స్‌ఫార్మర్ బాగుచేయిస్తే నష్టం పెరిగి నిరుపేద మరింత నిరుపేద అవుతాడని, దాన్ని అలాగే ఉంచారు. ఊళ్లో రాత్రిళ్లు చీకటి, పగలు కూడా వీధి దీపాలు లేవు. తడిగుడ్డల నీడలోనే పురుగు పండింది. ఒళ్లు పచ్చగా, అద్దంలా అయి, తలలెత్తి గూడు కట్టే చోటు వెతుక్కుంటోంది. ఆ పూట పురుగు ఎవరి కోసమూ ఆగదు. వాకిట్లో చంద్రికలనే వెదురు తడికలు ఆనించి, పండిన పురుగును ఏరి వాటి మీద వదలాలి. వీధి వీధంతా వచ్చి కూర్చుంది. అలాంటి పూట వాకిట్లోకి వచ్చినవాడు ఎవడైనా చెయ్యి వెయ్యాల్సిందే.

వచ్చినవాడు గిరిజాపతి గారు. చేతిలో నోటీసు.

"సిద్దమ్మ గారూ, మీ మీద మోపిన అభియోగాలు చదువుతున్నాను. ఒకటి, సభాప్రాంగణం ధ్వంసం. రెండు, నిరుపేదకు ఆశ్రయ నిరాకరణ. మూడోది తీవ్రమైనది. కరెంటుతో చల్లబరచవలసిన షెడ్డును తడిగుడ్డలతో చల్లబరచి, సంస్థకు న్యాయంగా రావలసిన రాబడిని అపహరించారు. అందువల్ల మీరు వాడని కరెంటుకు బిల్లు వేయడమైనది."

"కరెంటే ల్యాకుండె గదా సారూ," అన్నాడు తిప్పేస్వామి.

"లేనప్పుడు ఓపిక పట్టాలి. అందరూ ఇలా తడిగుడ్డలకు అలవాటుపడితే ఆ నిరుపేద ఏమైపోవాలి?"

"కట్టకపోతే యేమైతాది?" అంది సిద్దమ్మ, పురుగులు ఏరుతూనే.

"లైను కట్ చేస్తాం."

ఏరుతున్నవాళ్లందరూ ఒక్కసారి తలెత్తి, వీధి చివర మసిబారి నూనె కారుతున్న ట్రాన్స్‌ఫార్మర్ వైపు చూసి, మళ్లీ తలలు దించుకున్నారు. ఎవరూ నవ్వలేదు. పని మీద ఉన్నారు.

సిద్దమ్మ లేచి, పండిన పురుగు నిండుగా ఉన్న తట్ట తెచ్చి ఆయన చేతుల్లో పెట్టింది. ఆయన వద్దనేలోగా చేతులు నిండిపోయాయి. నోటీసు చంకలో ఇరికించుకున్నారు. ఆయన సెంటును గాలి వీధి వైపు తోలుకుపోతోంది. ఒక పురుగు అంచు దాటి, చొక్కా చెయ్యి మీదుగా పాకి, మెడలోని కార్డు చేరి, అటూ ఇటూ తల తిప్పి చూసి దారం తియ్యడం మొదలుపెట్టింది. తట్ట కింద పెట్టడానికి వాకిట్లో జానెడు చోటు లేదు.

జేబులో ఫోన్ మోగింది.

"అమ్మా, తట్ట కొంచెం పట్టుకోండి. ఎండీ గారు అయ్యుంటారు."

"మోగనీ సారూ. ఊరికే మోగితే దాంట్లో కరెంటు అయిపోతాది. మల్లా చార్జింగు పెట్టుకుంటారు. కంపెనీకి లాభం." ఆమె అప్పటికే కింద కూర్చుని చంద్రిక తన వైపు తిప్పుకుంది. "తట్ట ఇట్ల వంచండి."